పళ్ళెం చూపిన దిక్కు

పళ్ళెంలో కడ్డీ పుట్టిన రోజు స్వరూపకు కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆ రోజే కాస్త భయపడి ఉంటే ఎంత బాగుండేది! కానీ సంతోషంలో ఉన్న మనిషికి భయం ఎక్కడ గుర్తుంటుంది? పన్నెండేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది తెరమీద కనబడుతుంటే, ఇది ఇప్పుడే ఎందుకు కనబడిందని అడిగే ఓపిక ఎవరికుంటుంది?

పళ్ళెం అంటే అన్నం తినే పళ్ళెం కాదు. నల్లవాగు ఒకటో నంబరు బొగ్గుబాయి మూతపడి పాతికేళ్ళయింది. ఆ బాయిలో నూట ఇరవై మీటర్ల లోతున, బండను తొలిచి కట్టిన గదిలో, మీటరు వెడల్పున్న గాజుపాత్ర ఒకటి ఉంది. గాలి తోడేసిన ఆ పాత్రలో కోట్లకొద్దీ ధూళికణాలు గుండ్రంగా తిరుగుతుంటాయి. మామూలుగా రెండు ధూళికణాలు ఒకదాన్నొకటి లాక్కునే బలం దాదాపు లేనట్టే. ప్రొఫెసర్ పరాంకుశం గారు కనిపెట్టిన క్షేత్రం ఆ బలాన్ని లక్షల కోట్ల రెట్లు పెంచుతుంది. అప్పుడా ధూళి నక్షత్రాల్లాగే నడుచుకుంటుంది. గుప్పెడు దుమ్ము ఒక గెలాక్సీ అవుతుంది. ఆకాశంలో ఇరవై కోట్ల ఏళ్ళు పట్టే తిరుగుడు అక్కడ ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

ఇదంతా ఎందుకంటే, ఆకాశంలోని సుడి గెలాక్సీల్లో సగానికి పైగా నడిమధ్యన నక్షత్రాలు కడ్డీలా బారుతీరి ఉంటాయి. మనముండే పాలపుంతకూ అట్లాంటి కడ్డీ ఉంది. పక్కనుంచి పోయే మరో గెలాక్సీ లాగితే ఆ కడ్డీ పుడుతుందని కొందరంటారు. ఎవరూ లాగకపోయినా తనంతట తాను పుట్టగలదని కొందరు. రెండూ నిజమేనని మధ్యేమార్గంగా మాట్లాడేవాళ్ళు ఎక్కువ. పరాంకుశం గారిది మాత్రం 'తనంతట తాను' పక్షం. ముప్పై ఏళ్ళుగా అదే పట్టు. చుట్టూ ఎవరూ లేని గెలాక్సీలో కడ్డీ పుట్టడం ఒక్కసారి కళ్ళారా చూపిస్తే చాలు, ఎదుటివాళ్ళ నోళ్ళు మూతపడతాయని ఆయన నమ్మకం. గురువుకు తగిన శిష్యురాలు దుర్గం స్వరూప. నల్లవాగులోనే పుట్టి, ఎక్కడెక్కడో చదివి, ఈ పళ్ళెం పుణ్యమా అని మళ్ళీ సొంత ఊరికే వచ్చింది.

చిక్కల్లా చుట్టూ ఎవరూ లేకుండా చేయడంలోనే ఉంది. లాగుడును లక్షల కోట్ల రెట్లు పెంచే యంత్రం పక్కన మనిషి నిలబడితే చాలు, పళ్ళెం అటువైపు సాగుతుంది. రోడ్డుమీద లారీ పోయినా తెలుస్తుంది. అందుకే పళ్ళెం కింద, మనుషులు పైన. అయినా మిగిలిపోయే చిన్నాచితకా లాగుళ్ళను తెరమీది బొమ్మలోంచి తీసేయడానికి స్వరూప ఒక ప్రోగ్రాం రాసింది. దాని పేరు జల్లెడ. ఏ లాగుడు ఎటునుంచి వస్తోందో పసిగట్టి, బొమ్మలో దాని జాడ లేకుండా ఏరేస్తుంది. దానికి ఇంకో గుణం కూడా స్వరూపే నేర్పింది. ఏదైనా లాగుడు రోజుకింత చొప్పున మెల్లగా పెరుగుతుంటే, అది యంత్రంలోని లోపమేనని అనుకుని దాన్నీ ఏరేస్తుంది. ఆ సంగతి గుర్తుంచుకోండి.

జల్లెడకు లొంగనిది ఒక్కటే మిగిలింది, పంపు. మూసేసిన బాయిలో ఊరే నీళ్ళను పైకి తోడే పంపు అది, పళ్ళేనికి నలభై మీటర్ల దూరంలో రాత్రీ పగలూ ఆడుతుండేది. దాని వణుకుకు పళ్ళెంలోని ధూళి అట్లా ఇట్లా చెదిరిపోయేది. స్వరూప వెళ్ళి అన్నను బతిమాలింది.

అన్న దుర్గం సదానందం, పక్కనున్న రెండో నంబరు బాయిలో ఓవర్‌మన్. రెండో నంబరు ఇప్పటికీ నడుస్తున్న బాయి. షిఫ్టులో కిందికి దిగిన ప్రతి మనిషికీ అతనే జవాబుదారీ. మూతపడ్డ బాయిలోని పంపు కూడా అతని చూపులోనే ఉంది. తండ్రి ఊపిరితిత్తుల్లో బొగ్గు నిండి చనిపోయిననాడు స్వరూప ఇంటర్ చదువుతోంది. తండ్రి ఉద్యోగం అన్నకొచ్చింది, అన్న జీతం చెల్లి చదువుకు పోయింది. ఇప్పటికీ ఆమె ఉండేది అన్నావదినల క్వార్టర్లోనే.

సదానందం చేతిలో ఎప్పుడూ ఒక కర్ర ఉంటుంది. చివర ఇత్తడి పొన్ను వేసిన వెదురుకర్ర, తండ్రి నుంచి వచ్చింది. బాయిలో అడుగుపెట్టిన ప్రతిచోటా దాంతో పైకప్పును తట్టి వింటాడు. గట్టిగా మోగితే పర్వాలేదు, డొల్లగా మోగితే అక్కడ మనిషిని నిలబడనివ్వడు. అతని తట్టుడుకు ఒక వరస ఉంది. వెంటవెంటనే రెండు, కాస్త ఆగి ఒకటి. ఆ అలవాటు ఎంతగా ముదిరిందంటే, ఇంటికొచ్చినా ద్వారబంధాన్ని ఠక్ ఠక్... ఠక్ అని తట్టకుండా గడప దాటడు. ఇల్లు కూలదు లే, లోపలికి రమ్మని వదిన రాజమణి పదిహేనేళ్ళుగా వెక్కిరిస్తూనే ఉంది.

పంపు ఆపమంటే సదానందం వెంటనే ఒప్పుకోలేదు. బాయిల నీళ్ళు నిద్రపోవు చెల్లె అన్నాడు. స్వరూప పాత మ్యాపు తెచ్చి పరిచింది. పంపు ఆగినా నీళ్ళు దక్షిణం వైపున్న పెద్ద గోతిలోకి పోతాయి, అది నిండడానికి ఆరు నెలలు పడుతుంది, మాకు కావలసింది రెండు నెలలే అని చెప్పింది. మ్యాపులో అంతా స్పష్టంగా ఉంది. బాయి మేనేజరు కూడా చూసి తల ఊపాడు. చెల్లి మొహం చూసి సదానందం సంతకం పెట్టాడు. ఆషాఢం ముసురు అప్పుడే మొదలైంది.

పంపు ఆగిన పద్దెనిమిదో రోజు కడ్డీ పుట్టింది.

ఆ సాయంత్రం స్వరూప జిలేబీ పొట్లంతో ఇంటికొచ్చింది. పరాంకుశం గారు హైదరాబాదు నుంచి ఫోన్లో చిన్నపిల్లాడిలా నవ్వారట, ఇరవై నాలుగు గంటలు నిలబడితే లోకానికి చాటుదామన్నారట. రాజమణికి సగం అర్థమైంది, సగం కాలేదు, జిలేబీ మాత్రం బాగుందంది. సదానందం మొదటి షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చున్నాడు. అతనికి ముద్ద దిగడం లేదు. పదకొండో లెవెల్లో గోడకు చెమట పడుతోందని చెప్పాడు. మేనేజరుతో అన్నాడట. పాత బాయికీ మన పనికీ మధ్య అరవై మీటర్ల గట్టి బొగ్గు అడ్డం ఉందని ఆయన మ్యాపు చూపించాడట. ఆ మ్యాపే, స్వరూప చూపించిందే.

స్వరూప ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసింది. మనసంతా తెరమీదే ఉంది. అప్పుడు సదానందం జిలేబీ తుంచుతూ, నీ పళ్ళెం ఏమంటాంది అని అడిగాడు. నా చుట్టూ ఎవ్వరూ లేరంటోంది, అందుకే ఇంత సంతోషం అని ఆమె చెప్పింది.

అతను నవ్వాడు.

"ఇంత బాయి నడుమ వెట్టి, సుట్టూ ఎవ్వలు లేరని ఎట్లంటది చెల్లె? నువ్వే అనిపిస్తానవు గావచ్చు."

మాట తేలిగ్గానే అన్నాడు. అందరూ నవ్వారు, స్వరూప కూడా నవ్వింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి తెర ముందు కూర్చుని కడ్డీని చూస్తుంటే ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. కడ్డీ తిరుగుతోంది, కానీ ఒకే తీరుగా తిరగడం లేదు. ఈశాన్యం వైపుకొచ్చినప్పుడల్లా కాస్త తటపటాయిస్తోంది. తటపటాయించి, పిసరంత సాగి, మళ్ళీ కదులుతోంది. తనంతట తాను పుట్టినదానికి ఈశాన్యం ఏమిటి, నైరుతి ఏమిటి? దానికి అన్ని దిక్కులూ ఒకటే కావాలి కదా!

ఆమె జల్లెడను ఆపింది. పద్దెనిమిది నెలల్లో దాన్ని ఆపడం అదే మొదటిసారి.

తెరమీద బొమ్మ మారింది. గుండ్రని పళ్ళెం ఎక్కడా లేదు. ఈశాన్యం వైపుకు, కాస్త కిందికి, ఎవరో దోసిట్లో పట్టి లాగినట్టు కోడిగుడ్డులా సాగి ఉంది. పాత రికార్డులు తీసింది. నిన్నటిది, మొన్నటిది, అంతకు ముందుది. పంపు ఆపిన రోజున పళ్ళెం గుండ్రంగా ఉంది. మర్నాటి నుంచి రోజుకింత, రోజుకింత సాగుతూ వచ్చింది. జల్లెడ ఆ లాగుడును రోజూ శ్రద్ధగా ఏరి పారేసింది. లాగుడువల్ల పుట్టిన కడ్డీని మాత్రం అట్లాగే ఉంచింది. కారణం తీసేసి ఫలితం చూపించిన ఆ బొమ్మను చూసి ఆమె ఇంటికి జిలేబీలు తెచ్చింది.

లెక్క వేసింది. పళ్ళెం దగ్గరి అంచు ఎంత సాగిందో, దూరపు అంచు ఎంత సాగిందో చూస్తే లాగేది ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఎంత బరువుందో తెలుస్తుంది. మూడు వందల పది మీటర్ల దూరం. ఎనభై వేల టన్నుల బరువు. పంతొమ్మిది రోజుల్లో ఎక్కడినుంచో వచ్చి చేరిన బరువు. బొగ్గు పెరగదు, బండ పెరగదు. నీళ్ళు తప్ప ఇంకేమీ కావు.

మ్యాపు తెచ్చి స్కేలు పెట్టింది. ఆ నీళ్ళున్న చోట మ్యాపులో గట్టి బొగ్గు అని ఉంది. ఎప్పుడో తాతల కాలంలో ఎవరో హద్దు దాటి తవ్వుకుని, మ్యాపులో గీయకుండా వదిలేశారు. ఆ దొంగ సొరంగాల్లోకి నీళ్ళు చేరుతున్నాయి. అక్కడినుంచి పదకొండో లెవెల్ పని జరిగే చోటికి అరవై మీటర్లు కాదు. ఎనిమిది.

గోడకు చెమట పడుతోందన్న అన్న మాట ఇప్పుడు రెండు చెవుల్లోనూ మోగింది. గడియారం తొమ్మిదీ నలభై. పదకొండింటికి అక్కడ బొగ్గు పగలగొట్టడానికి తూటాలు పేలుస్తారు. అన్నతో కలిపి ముప్పై ఆరుగురు కింద ఉన్నారు.

అప్పుడామె చేసిన పని ఇంకెవరైనా చేస్తారా? బొగ్గు మోసే మనిషైతే కేకలు పెట్టుకుంటూ బాయి మీదికి పరుగెత్తేవాడు. స్వరూప మేనేజరుకు చేయాల్సిన ఫోను గురువుకు చేసింది. ఆయన మెల్లగా, మరోసారి సరిచూడు, తొందరపడకు అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళుగా ఎవరేం చెప్పినా ఆయన ఇచ్చే జవాబు అదే. ఆమె కూడా ఆ జవాబులోనే పెరిగింది. కూర్చుని, లెక్క మొదటినుంచీ మళ్ళీ వేసింది. అదే దూరం, అదే బరువు వచ్చాయి. పదకొండు నిమిషాలు పోయాయి.

ఆ పదకొండు నిమిషాల్లో ఆమెకు లెక్క తప్పు కావాలని ఎంత ఆశ ఉండిందో ఆమెకే తెలుసు. తప్పైతే అన్న క్షేమం. తప్పైతే కడ్డీ కూడా క్షేమం. ఆ రెండో ఆశ కూడా ఉండిందని తర్వాత ఎన్నో ఏళ్ళకు గానీ ఆమె పైకి చెప్పలేదు.

మేనేజరు ఆఫీసులో ఫోను ఎత్తినతను ఆమె మాట పూర్తిగా వినకుండానే మ్యాపు సంగతి ఎత్తాడు. షిఫ్టును బయటికి రప్పించాలంటే కాగితం మీద ఉత్తర్వు కావాలన్నాడు. ఆమె వాదించలేదు. పదకొండో లెవెల్ టెలిఫోనుకు కలపమంది. అన్నతో మాట్లాడుతుంది కాబోలు అనుకుని కలిపాడు. గంట మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. చివరికి సదానందం గొంతు వినబడింది. వెనక ఎక్కడో నీటిబొట్లు పడుతున్న చప్పుడు.

"అన్నా, అందరిని తీస్కొని బయటికి రా. గోడవతల నీళ్ళున్నయి. ఎనిమిది మీటర్లే ఉన్నది."

"పళ్ళెం చెప్పిందా?"

"పంతొమ్మిది రోజులసంది చెప్తనే ఉన్నదన్నా. నేనే విననియ్యలే."

ఆ తర్వాత ఫోన్లోంచే గోడమీద కర్ర తట్టిన చప్పుడు వినబడింది. ఠక్ ఠక్... ఠక్. డప్పు తడిసి మెత్తబడితే ఎట్లా మోగుతుందో అట్లా మోగింది. నడుస్తున్న బాయిలోకి ఏనాడూ దిగని స్వరూపకు కూడా అదేమిటో తెలిసిపోయింది.

"డొల్ల," అన్నాడు సదానందం, చాలా మామూలు గొంతుతో. "లింగన్న, పోచం కింద పన్నెండో లెవెల్ల పంపు కాడున్నరు. ఆడ ఫోను లేదు. మిగిలినోళ్ళను పంపి నేను వాళ్ళను తెస్త. నువ్వు బాయి మీద ఉండు. మీ వదినకు ఇప్పుడే చెప్పకు."

ఫోను పెట్టేశాడు.

స్వరూప లేవబోయింది. తెరమీద పళ్ళెం అంచు కదిలింది. ఈశాన్యం వైపు సాగిన కొస కొద్దిగా కుంచించుకుంది. కొస ఇంకా కుంచించుకుంది, కిందివైపు కొత్త కొస ఒకటి మొలవసాగింది. బరువు కదులుతోంది, తూటాలు పేలకముందే గోడ తెగింది. నీళ్ళు ఒకచోటు విడిచి ఇంకోచోటికి పోతున్నాయి. లోకంలో ఇంకెవరికీ తెలియదు. సైరను మోగలేదు, ఎవరూ అరవలేదు, బయట ముసురు మామూలుగానే పడుతోంది. గాజుపాత్రలోని గుప్పెడు దుమ్ములో ఆమె ఒక్కతే, తన అన్న ఉన్న చోటికి ఎనభై వేల టన్నుల నీళ్ళు దిగడం చూస్తూ కూర్చుంది. ఆరు నిమిషాల తర్వాత సైరను మోగింది.

ముప్పైముగ్గురు పైకొచ్చారు. చివరి పది మంది నడుముల దాకా తడిసి ఉన్నారు. వెనక ఓవర్‌మన్ వస్తున్నాడా అని అడిగితే, కిందికి పోయిండని ఒకడు చెప్పి, నేలమీద కూలబడి వాంతి చేసుకున్నాడు. ఇంకో పది నిమిషాల ముందు కబురు అంది ఉంటే అందరం వచ్చేవాళ్ళమని వాళ్ళలో పెద్దాయన అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. పక్కనే నిలబడ్డ స్వరూపకు ఆ పది నిమిషాల లెక్క తెలుసు.

మధ్యాహ్నానికి ఊరంతా బాయి మీదే ఉంది. రాజమణి పొయ్యిమీది కూర అట్లాగే వదిలేసి వచ్చింది, చేతికి పసుపు అంటే ఉంది. స్వరూప ఆమెను టార్పాలిన్ కిందికి తీసుకుపోయి, దాచకుండా మొత్తం చెప్పింది. పంపు సంగతి, జల్లెడ సంగతి, పదకొండు నిమిషాల సంగతి. రాజమణి తిట్టలేదు, కొట్టలేదు. ఇంతకీ బతికుండే తావు ఏదన్నా ఉందా అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్నే స్వరూపను నిలబెట్టింది. నీళ్ళు ఎక్కడున్నాయో పళ్ళెం చెప్పగలిగినప్పుడు, నీళ్ళు ఎక్కడ లేవో కూడా చెప్పాలి కదా! సొరంగాలన్నీ మునిగినా, ఎత్తుకు ఎక్కే దారిలో ఎక్కడైనా గాలి చిక్కుకుని ఉంటే, అంతమేర లాగుడు తక్కువగా ఉంటుంది. పరుగెత్తుకుంటూ పోయి చూసింది. ఏమీ కనబడలేదు. నీళ్ళు తోడడానికి తెచ్చి పెట్టిన పెద్ద పంపులు ఆరు, బాయి మీద హోరుమంటున్నాయి. వాటి వణుకుకు పళ్ళెంలోని ధూళంతా చెదిరిపోతోంది. పళ్ళెం ఒక్క చుట్టు తిరిగేదాకా, ఇరవై నిమిషాలు, అవి ఆగాలి.

ఇప్పుడు మళ్ళీ పోయి పంపులు ఆపమని అడగాలి. ఎవరిని? ఆ జనాన్నా, ఆ ఆడవాళ్ళనా? అయినా పోయింది, మేనేజరు ముందు నిలబడి అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెను చూసిన చూపు చెప్పనలవి కాదు. మేనేజరు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీ మాట మీద ఒకసారి పంపు ఆపామమ్మా," అన్నాడు.

వెనకనుంచి రాజమణి ముందుకొచ్చింది.

"ఆపుండ్రి సార్. అప్పుడు సప్పుడు వద్దని ఆపమన్నది. ఇప్పుడు వినెటందుకు ఆపమంటాంది."

పంపులు ఆగాయి. ఆ ఇరవై నిమిషాలూ ఊరు ఊపిరి తీసుకోలేదు. తోడుడు ఆగినకొద్దీ కింద నీళ్ళు అంగుళం అంగుళం పెరుగుతుంటాయని అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. ఒకామె గట్టిగా నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఎవరో ఆమె నోరు మూశారు. తెరముందు స్వరూప జల్లెడ లేని బొమ్మను చూస్తోంది. ధూళి మెల్లగా కుదురుకుంది. కిందివైపు సాగిన కొస మీద, గోరంత చోట, ఒక చిన్న నొక్కు కనబడింది. పన్నెండో లెవెల్ నుంచి పైకెక్కే పాత దారి. అక్కడ నీళ్ళు లేవు. ఆమె కొస మొత్తం గాలించింది, ఒకటికి నాలుగుసార్లు. నొక్కు ఒక్కటే. ఇంకోటి లేదు.

కొలతలు రాసిన కాగితం పట్టుకుని, పంపులు వేసుకోండని అరుస్తూ వానలోకి పరుగెత్తింది.

పైనుంచి బోరు వేయడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం పరాంకుశం గారు వచ్చారు. గొడుగు కూడా పట్టుకోకుండా ఒక ఇనుపపెట్టె మీద కూర్చున్నారు. స్వరూప ఆయన వైపు చూడలేదు. మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు, నూట తొంభై మీటర్ల దగ్గర, బోరు ఒక్కసారిగా తేలికై కిందికి జారింది. నీళ్ళు ఎగజిమ్మలేదు. గాలి బుస్సుమంది. రక్షణదళ నాయకుడు సుత్తి తీసుకుని, కిందికి దిగిన గొట్టాన్ని ఐదుసార్లు కొట్టి, చెయ్యి పైకెత్తాడు.

వినడానికి పంపులు ఆపేశారు. టార్పాలిన్ మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన గొట్టానికి చెవి ఆనించాడు. మళ్ళీ ఐదుసార్లు కొట్టాడు.

కిందినుంచి చప్పుడు వచ్చింది. ఇత్తడి ఇనుముకు తగిలిన చప్పుడు, గొట్టం వెంబడి సన్నగా, స్పష్టంగా. ఠక్. ఠక్. ఠక్. ఠక్. ఠక్.

జనం గొల్లుమన్నారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, మొక్కేవాళ్ళు మొక్కుతున్నారు. లింగన్న పెళ్ళాం, పోచం తల్లి ఒకరినొకరు పట్టుకుని బురదలో కూర్చుండిపోయారు. స్వరూపకు కూడా ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఇత్తడి పొన్ను కర్ర బాయి మొత్తానికి ఒకటే ఉంది. అది అన్న కర్ర. అన్న బతికే ఉన్నాడు! ఆ మాట చెబుదామని వదిన వైపు తిరిగింది.

రాజమణి గొట్టం వైపే చూస్తోంది. ఆమె మొహంలో సంతోషం లేదు. కిందినుంచి మళ్ళీ చప్పుడు వచ్చింది. ఠక్. ఠక్. ఠక్. ఠక్. అన్నీ ఒక్క తీరుగా, ఒక్క ఎడంతో. రెండు కొట్టి ఆగడం లేదు. పదిహేనేళ్ళుగా గడప దగ్గర రోజూ విన్న ఆ చిన్న ఆగుడు ఎక్కడా లేదు.

"కర్ర ఆయనదే," అంది రాజమణి, పక్కనున్నామెకు కూడా వినబడనంత మెల్లగా. "చెయ్యి ఆయనది గాదు."

వానలో తడుస్తున్న గొట్టంలోంచి ఆ తెలియని చెయ్యి తడుతూనే ఉంది. కర్ర వాళ్ళ చేతికిచ్చి, వాళ్ళను ఎత్తుకు ఎక్కించి, అతను ఎటు పోయాడో?

రాజమణి ఆమె మణికట్టు పట్టుకుంది. పసుపు ఇంకా పూర్తిగా వదలని చెయ్యి, మంచులా చల్లగా ఉంది.

"మళ్ళొక్కసారి చూడు స్వరూపా. ఇంకో డొల్ల ఉన్నదేమో చూడు."

ఇంకోటి లేదని స్వరూపకు నిన్ననే తెలుసు. నాలుగుసార్లు గాలించింది. ఆ సంగతి వదినకు ఇప్పుడు చెప్పాలి. జీవితంలో మొదటిసారి, మరోసారి సరిచూసుకోవాల్సిన అవసరం లేనిచోట, ఆ మాట చెప్పలేక, ఆమె తల ఊపి, చూస్తానని చెప్పి వెళ్ళింది. కుర్చీలో కూర్చుని తెర వైపు చూసింది. గొట్టం చప్పుడు వినడానికి ఆపిన పంపులు ఇంకా ఆగే ఉన్నాయి, ధూళి కుదురుకుని పళ్ళెంలో కడ్డీ మళ్ళీ తిరుగుతోంది. చుట్టు తిరిగి పదకొండో లెవెల్ వైపుకు వచ్చినప్పుడల్లా కాస్త ఆగి, అటు సాగి, మళ్ళీ కదులుతోంది. చీకటి పడేదాకా ఆమె దాన్ని చూస్తూనే ఉంది. జల్లెడను మళ్ళీ వేయలేదు.